చదివింది గుర్తుండట్లేదా? ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూడండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. వయసు 27. డీఎస్సీకి చదువుతున్నాను. ఇంట్లో అప్పుల టెన్షన్ కూడా ఉంది. పొద్దున చదివింది సాయంత్రానికి గుర్తుండట్లేదు. నిద్ర పట్టక మూడు నెలలుగా మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రాజోలం తెచ్చుకుంటున్నాను. అది వేసుకుని ఇంకో గంట చదివి పడుకుంటాను. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పండి.

జవాబు: మీ ప్రశ్నలో నాకు కంగారు పుట్టించింది ఆ మాత్ర. ఆల్ప్రాజోలం టెన్షన్ తగ్గిస్తుంది, నిజమే. కానీ కొత్త విషయాలు మెదడులో నమోదు కాకుండా కూడా చేస్తుంది. మాత్ర వేసుకున్నాక మీరు చదివే ఆ గంట చాలావరకు వృథా. పైగా దానితో వచ్చే నిద్రలో గాఢనిద్ర తగ్గుతుంది. పగలు చదివింది స్థిరపడటానికి కావలసింది ఆ గాఢనిద్రే.

అలాగని ఈ జవాబు చదివి ఈ రాత్రే మానేయకండి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, వణుకు రావచ్చు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చూసి, డోసు కొద్దికొద్దిగా తగ్గించాలి. చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. ఉద్దానం కిడ్నీ జబ్బులు చూశాక నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని మన జిల్లాలో చాలామంది నన్ను అడుగుతారు. నిద్రమాత్ర గురించి మాత్రం అడిగేవాళ్లు తక్కువ. చదువుకున్నవారు, రేపు పిల్లలకు పాఠం చెప్పబోయేవారు, మీరైనా అడగాల్సింది.

ఇక టెన్షన్ సంగతి. కొత్తగా నేర్చుకున్నది ముందు మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో నమోదవుతుంది. టెన్షన్‌లో ఎడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ హార్మోను వస్తుంది. కాసేపైతే మంచిదే, భయపడిన సంఘటన ఏళ్లపాటు గుర్తుండేది అందుకే. నెలల తరబడి ఎక్కువగా ఉంటే హిప్పోక్యాంపస్ పని మందగిస్తుంది. అదీకాక, అప్పు గురించి ఆలోచిస్తూ పేజీలు తిప్పితే విషయం అసలు లోపలికే వెళ్లదు. వెళ్లనిదాన్ని మరిచిపోయానని బాధపడుతుంటారు చాలామంది. పరీక్ష హాల్లో తెలిసిన జవాబు తట్టకపోవడం వేరు. అది ఆ క్షణపు ఒత్తిడి, జవాబు ఎక్కడికీ పోదు, కాసేపటికి తడుతుంది.

మిమ్మల్ని పరీక్షించకుండా ఇదంతా టెన్షనేనని నేను అనలేను. థైరాయిడ్, బి12 లోపం, రక్తహీనత, డిప్రెషన్‌లోనూ మతిమరుపు ఉంటుంది. రక్తపరీక్షలు చేయించండి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి, అందులో నామోషీ ఏమీ లేదు. వెళ్లేలోపు మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఫిట్స్ వచ్చినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మాత్ర వేసుకున్న రోజు మద్యం ముట్టవద్దు, ఊపిరికే ప్రమాదం. రాత్రి చదువు మానేసి, అదే గంట పొద్దున పెట్టుకోండి. పుస్తకం మూసి, చదివింది గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాయండి. టానిక్ పేరు నేను రాయను, మీ ఇబ్బందికి అది మందు కాదు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్ పట్టుకెళ్లండి. 0.25 మిల్లీగ్రాములా, 0.5 మిల్లీగ్రాములా అన్నది చూశాకే డోసు ఎలా తగ్గించాలో డాక్టరు చెప్పగలరు.