లేత్ పని తెలిసిన నాన్నగారికి పాత ఆవిరి ఓడలో పని ఉంటుందా?

"మా నాన్నగారు జీవితమంతా లేత్ మీద పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు అమెరికాలో మా దగ్గరే ఉంటున్నారు. పాత ఆవిరి ఓడలను కాపాడేవాళ్లకు వాలంటీర్‌గా ఉపయోగపడతారా? ఓడల గురించి ఆయనకేమీ తెలియదు" అని అడిగారు.

ఓడల గురించి తెలియక్కర్లేదండీ. లేత్ తెలిసిన మనిషి దొరికితే అక్కడ వదిలిపెట్టరు. ఆ ఇంజన్ల విడిభాగాలు బజార్లో దొరకవు. వాల్వ్ స్పిండిల్ (వాల్వుని కదిపే కడ్డీ) అరిగితే పాతది కొలిచి లేత్ మీద కొత్తది చేసుకోవాల్సిందే.

నేను ఫిట్టర్ని. ఇక్కడే ఒక పాత సరుకు ఓడ ఇంజన్ రూములో పనిచేస్తున్నాను. ఒకసారి ఇంజన్ నడుస్తుండగా మా పెద్దాయన క్రాంక్ పక్కన నిలబడి, అది తిరిగి వచ్చినప్పుడల్లా బేరింగ్‌కి అరచెయ్యి అలా తాకించి తీస్తున్నాడు. వెనకటి ఆయిలర్లు, అంటే ఇంజన్‌కి నూనె పోసేవాళ్లు, అందరూ అలాగే చూసేవాళ్లట. ఉన్నట్టుండి "ఇది వేడెక్కుతోంది, ఆపండి" అన్నాడు. విప్పి చూస్తే బేరింగ్ లోపలి వైట్ మెటల్ (మెత్తటి లోహపు పొర) ఒక పక్కే ఒరుసుకుంటోంది. షాఫ్ట్‌కి నీలం రంగు పల్చగా పూసి, బేరింగ్ బిగించి, తిప్పి, విప్పాం. రంగు అంటిన చోటల్లా ఎత్తుగా ఉన్నట్టు. స్క్రేపర్ నా చేతికిచ్చి గీకమన్నాడు. గీకడం, బిగించడం, విప్పడం, మళ్లీ గీకడం. మొదట అక్కడక్కడా రెండు మూడు మచ్చలే ఉన్న నీలం సాయంత్రానికి బేరింగ్ అంతా సమంగా పరుచుకుంది. తర్వాత మధ్యలో సీసం తీగ పెట్టి బిగించి, నలిగిన తీగ మందం మైక్రోమీటర్‌తో కొలిచి, ఎంత సందు ఉందో చూశాం. ఈ పని ఏ వీడియో చూసినా రాదు, పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

నాకు ఒళ్లుమండే విషయం ఇంకోటుంది. సందర్శకుల కంటబడే చోట రంగు వెయ్యడానికి చాలామంది వస్తారు. కింద బాయిలర్ దగ్గర, ఆవిరి కారకుండా కడ్డీల చుట్టూ కూరే గ్లాండ్ ప్యాకింగ్ మార్చే చోట మనుషులుండరు. వచ్చే కుర్రాళ్లలో కొందరు ప్రతిదానికీ గ్రైండర్ అందుకుంటారు. ఇంజన్ తిరగని ఓడని కాపాడినట్టు నేను ఒప్పుకోను.

లిబర్టీ ఓడలనే చూడండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఈ సరుకు ఓడలు 2,710 కట్టారు. ఇప్పటికీ సొంత ఇంజన్‌తో కదలగలిగేవి రెండే: శాన్ ఫ్రాన్సిస్కోలో జెరెమయా ఒబ్రయన్, బాల్టిమోర్‌లో జాన్ డబ్ల్యూ. బ్రౌన్. ఆ యుద్ధంలో ఫ్రాన్స్ తీరాన జరిగిన నార్మండీ దాడికి 50 ఏళ్లు నిండిన 1994లో ఒబ్రయన్ శాన్ ఫ్రాన్సిస్కో నుంచి అక్కడిదాకా వెళ్లొచ్చింది. నడిపినవాళ్లలో చాలామంది 70 ఏళ్ల వాలంటీర్లు. ఆ తరం పోయేలోపు వాళ్ల పని అందుకునేవాళ్లు కావాలి, మీ నాన్నగారి లాంటివాళ్లే కావాలి.

ఆయన్ని సందర్శకుల రోజున కాకుండా పని జరిగే రోజున తీసుకెళ్లండి. ఇంజన్ రూము మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్లు సహకరించకపోతే లేత్ దగ్గరే ఉంటానని ముందే చెప్పొచ్చు. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడనక్కర్లేదు, డ్రాయింగ్ చదవగలిగితే చాలు. కానీ అమెరికా ఓడల్లో కొలతలన్నీ అంగుళాల్లో ఉంటాయి. థ్రెడ్లు కూడా అంగుళానికి ఇన్ని అనే లెక్క. మిల్లీమీటర్లకు అలవాటుపడి ఉంటే, అంగుళాల కొలతల పట్టిక ఒకసారి తిరగేసి వెళ్లమనండి.