బొటనవేలంత సైన్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకటే అడిగాయి, ఏ కంపెనీ బొమ్మలు కొనాలని. వాటికి విడిగా జవాబు రాయడం లేదు. ముప్పై ఏళ్ళు విజయనగరంలో దుకాణాలకు బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. చేతిలో కుంచె ఊరుకోక చిన్న సిపాయిలకు రంగులు వేయడం, వాటితో బల్ల మీద పాత యుద్ధాలను పాచికలు వేసి ఆడటం మొదలుపెట్టాను. కొనడం గురించి నాకు తెలిసింది తక్కువ. వేయడం గురించి అడగండి, ఎంతసేపైనా చెబుతాను.

*బొబ్బిలి యుద్ధాన్ని బల్ల మీద తయారుచేస్తున్నాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద పచ్చగడ్డి పొడి అంతటా అంటించాను. కోట చుట్టూ సీమతుమ్మ కంప, వెనక సరుగుడు తోట పెట్టాను. ఫొటో పంపుతున్నాను. లోపముంటే చెప్పండి.* (ఒక పాఠకుడు, రాజాం)

ఉంది. చేతిపనిలో కాదు, తేదీలో. ఆ యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. సంక్రాంతి వెళ్ళాక మీ ఊరి బయట పొలాలు ఎలా ఉంటాయో ఒకసారి వెళ్ళి చూడండి. వరి కోతలు అయిపోయి ఉంటాయి. మడిలో మిగిలేది మోళ్ళు, నెర్రెలు విచ్చిన మన్ను, అక్కడక్కడ గడ్డి కుప్ప. పచ్చదనం చెరువు గట్టు కింద ఒక చార, అంతే. మీరు వేసిన ఆకుపచ్చ శ్రావణ మాసానిది. దాని మీద ఎంత మంచి సైన్యాన్ని నిలబెట్టినా అది వేరే యుద్ధం అవుతుంది.

అదే మీరు విజయనగరం రాజుకూ కుంఫిణీకీ జరిగిన పద్మనాభం యుద్ధం చేస్తున్నారనుకోండి, అది 1794 జూలై 10. అప్పుడు తొలకరి దుక్కి, తడిసి ముదిరిన ఎర్రమన్ను, మధ్యలో చాప పరిచినట్టు నారుమళ్ళు. రెండు యుద్ధాలకూ నేను రెండు పలకలు వేరువేరుగా చేసుకున్నాను. సిపాయిని కొనకముందే తేదీ చూసుకోవాలని ఈ శీర్షికలో ఇది ఎన్నోసారి రాయడమో నాకే లెక్క లేదు.

ఇక చెట్లు. సీమతుమ్మకు ఆ పేరులోనే ఉంది, అది మనది కాదని. మన దేశానికి పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. తీరం వెంబడి సరుగుడు తోటలూ ఆ తరువాతి సంగతే. రెండూ తీసేయండి. కోట చుట్టూ ముళ్ళ అడవి ఉండేదన్నది నిజమే. దానికి రేగు, నల్లతుమ్మ, వెదురు వేయండి. తాటిచెట్లు ఎన్ని పెట్టినా ఎవరూ తప్పు పట్టరు.

మోళ్ళకు కొండచీపురు కొనండి. ఏజెన్సీ నుంచి సంతకు వచ్చేదే. దాని కంకి నూగును కత్తెరతో రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి, ఫెవికోల్ రాసిన చోట నిలువుగా రాల్చి, పలకను తలకిందులు చేసి ఒక్కసారి దులపండి. నిలబడాల్సినవి నిలబడతాయి. మన్నుకు పుట్టమన్ను మేలు. టీ వడకట్టే జల్లెడలో జల్లించి, పెనం మీద పది నిమిషాలు వేయించాలి. లేకపోతే అందులోని తేమకు రెండు నెలల్లో బూజు పడుతుంది. మా ఇంట్లో ఆ పెనం మీద మళ్ళీ అట్టు వేయలేదు. అది ఇప్పుడు నాదే.

*థర్మాకోల్‌తో కోట కట్టి, రంగు స్ప్రే కొట్టాను. గోడ నా కళ్ళముందే కరిగి గుంటలు పడింది. మరో మాట: 28 మిల్లీమీటర్ల సిపాయిల పక్కన కోట మరీ చిన్నగా కనిపిస్తోంది. ఎంత పెద్దది కట్టాలి?* (ఒక పాఠకుడు, చీపురుపల్లి)

స్ప్రే డబ్బాలోని ద్రావకం థర్మాకోల్‌ను తినేస్తుంది. ముందుగా ఫెవికోల్‌లో సన్నని ఇసుక, కాస్త నీళ్ళు కలిపి రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఆ తరువాత కూడా స్ప్రే వద్దు, కుంచెతోనే వేయండి. ఆ పూత ఆరేలోపు ఇంకొక పని చేయండి. మట్టిగోడను ఎవరూ ఒక్క రోజులో లేపరు. ఒక వరస వేసి, అది ఎండాక దాని మీద ఇంకొక వరస వేస్తారు. అందుకే పాత మట్టిగోడకు అడ్డంగా గీతలుంటాయి. చాకు వీపుతో ఆ గీతలు సన్నగా, కాస్త వంకరగా గీయండి. పైనుంచి వాన జారిన చారలు రెండు మూడు దించండి. అప్పుడది మట్టిగోడలా కనిపిస్తుంది. ఇప్పుడు మీది కేకులా ఉంది, ఏమీ అనుకోకండి.

పరిమాణం సంగతి. 28 మిల్లీమీటర్ల సిపాయి అంటే దాదాపు 56వ వంతు మనిషి. ఆ లెక్కన వంద గజాల గోడ బల్ల మీద అయిదడుగుల నాలుగంగుళాలు వస్తుంది. మీ బల్లే ఆరడుగులు! తుపాకీ గుండు వెళ్ళే దూరం కూడా ఆ లెక్కన బల్ల దాటిపోతుంది. అందుకే ఈ ఆటలో మనిషికి ఒక కొలత, నేలకు ఇంకొక కొలత. ఒక సిపాయి ఇరవై మందికి లెక్క, ఒక బురుజు కోట మూల మొత్తానికి లెక్క. గోడ ఎత్తు మాత్రం సిపాయికి సరిపోవాలి, ఎందుకంటే కన్ను ముందు పోల్చుకునేది ఎత్తునే. పొడవు తగ్గినా ఎవరూ పట్టించుకోరు.

*రంగుకు ముందు వేసే అడుగు పూత, అదే ప్రైమర్, స్ప్రే కొడితే సిపాయిల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొర వచ్చింది. నా దగ్గర డబ్బా పాడైందా?* (ఒక పాఠకుడు, కళింగపట్నం)

డబ్బా మంచిదే, గాలి తడిది. స్ప్రేలోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు బొమ్మ చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. సముద్రం ఒడ్డున ఉంటూ వానాకాలంలో స్ప్రే పట్టుకోకూడదు. నేను ఇది నలభై మంది సిపాయిలను పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఆగస్టులో ఒక సాయంత్రం, వాన వెలిసిందని మేడ మీదకు తీసుకెళ్ళాను. పొద్దున చూస్తే అందరూ విభూతి పూసుకున్నట్టున్నారు.

జూన్ నుంచి నవంబరు దాకా కుంచెతో పూసే ప్రైమర్ వాడండి. మీ బొమ్మలు ఇంకా చేయి దాటిపోలేదు. పొర పలచగా ఉంటే మెత్తని పాత టూత్ బ్రష్‌తో పొడిగా రుద్ది, పైన మళ్ళీ కుంచెతో పూయండి. చివరి వార్నిష్ ఇలాగే తెల్లబారితే మెరిసే వార్నిష్ ఒక పూత వేసి చూడండి, చాలాసార్లు ఆ తెలుపు లోపలికి ఇంకినట్టు పోతుంది.

*జమీందారు బంట్ల పంచెలకు, తలపాగాలకు తెలుపు వేస్తే సున్నం కొట్టినట్టు ఉంటోంది. ముఖాలకు సీసాలో దొరికే చర్మపు రంగు వేశాను, అదీ కుదరలేదు. కళ్ళు వేయడానికి ఎంత సన్నని కుంచె కావాలి?* (ఒక అధ్యాపకుడు, టెక్కలి)

తెలుపు అన్నిటికన్నా కష్టమైన రంగు. మీ జిల్లాలోనే పొందూరు ఉంది కదా, ఒక ఖద్దరు పంచె తెచ్చి పొద్దున పూట కిటికీ దగ్గర కుర్చీ మీద వేసి చూడండి. తెలుపు ఎక్కడుంది? మడత లోపల బూడిద కలిసిన గోధుమ రంగు ఉంటుంది. పరుచుకున్న చోట మీగడ రంగు. అసలు తెలుపు మడత శిఖరం మీద దారమంత. బొమ్మ మీద కూడా అదే వరస. ముందు మొత్తం గుడ్డకు బూడిద గోధుమ రంగు వేయండి. ఆరాక, మడతల లోతు వదిలి మీగడ రంగు. చివరికి మోకాలు వంగిన చోట, భుజం మీద, తలపాగా చుట్ల పైఅంచున మాత్రమే తెలుపు. ఆ తెలుపు ఎంత తక్కువ వేస్తే గుడ్డ అంత తెల్లగా కనిపిస్తుంది. నలుగురు పక్కపక్కన నిలబడితే నలుగురి పంచెలూ ఒకే తెలుపు కాకుండా చూడండి. ఒకడిది నిన్న ఉతికింది, ఇంకొకడిది పోయిన వారం.

సీసాలో అమ్మే చర్మపు రంగు తెల్లవాళ్ళ చర్మం. దాన్ని బొబ్బిలి మీదకు విజయనగరం వారితో కలిసి వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ మనుషులకు ఉంచండి. మనవాళ్ళకు ముదురు గోధుమ రంగులో పసుపుమట్టి రంగు, చిటికెడు ఎరుపు కలుపుకోండి. ప్రతి పది మందికీ పాళ్ళు కాస్త మార్చండి. పద్మనాభంలో కుంఫిణీ సిపాయిల ఎర్రకోటుకు కూడా సీసా ఎరుపు నేరుగా వద్దు, ఎండకు వెలిసినట్టు కొంచెం గోధుమ కలపండి.

కళ్ళు వేయకండి. బోర్డు రాసేటప్పుడు మా గురువుగారు రోడ్డు అవతలికి పంపి చదవమనేవారు. అక్కడి నుంచి చదవలేని అక్షరం రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. మీ సిపాయిని మూడడుగుల దూరం నుంచి చూస్తారు. అంత దూరం నుంచి మనిషి కన్ను ఒక నీడ, అంతే. తలపాగా కింద ఒక ముదురు చార గీస్తే చూసేవాడు మిగతాది తనే పూరించుకుంటాడు. నేను మొదట్లో కళ్ళు వేసిన పన్నెండు మంది ఇంకా ఉన్నారు, అందరూ దెయ్యాన్ని చూసినట్టున్నారు. కుంచె కూడా మరీ సన్నది వద్దు. వెంట్రుకంత కుంచెలో రంగు బొమ్మను చేరేలోపే ఎండిపోతుంది. ఒకటో నంబరుదో రెండో నంబరుదో చాలు, మొన మాత్రం సూదిలా ఉండాలి.

*మా వారు రెండేళ్ళుగా ఈ సిపాయిలతోనే ఉన్నారు. మీసాలు నెరిశాక బొమ్మలాట ఏమిటని మా అత్తగారు. వాటిని సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టవచ్చా?* (ఒక పాఠకురాలు, సాలూరు)

నిక్షేపంగా పెట్టండమ్మా. పై మెట్టు మీదైతే పసిపిల్లలకు అందవు. పాతకాలపు లోహపు బొమ్మల్లో సీసం ఉంటుంది, తాకితే చేతులు కడుక్కోవాలి. అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి 1824లో ఇలాంటి ఆటనే సైనికాధికారుల శిక్షణకు పెట్టించాడని చెప్పండి. వినకపోతే చదరంగంలో ఏనుగులు, గుర్రాలు ఎందుకున్నాయో అడగండి.

*తాతగారూ, నేను తొమ్మిదో తరగతి. నా దగ్గర అయిదు వందల రూపాయలున్నాయి. సైన్యం మొదలుపెట్టవచ్చా?* (ఒక విద్యార్థి, ఆమదాలవలస)

మొదలుపెట్టు బాబూ. లోహపు బొమ్మల జోలికి పోకు. మూడు మంచి రంగులు, ఒక మంచి కుంచె కొను. ఏటికొప్పాక బొమ్మల్లా అంకుడు కర్రను తరిమెన పట్టే పనివాళ్ళు మీ దగ్గర ఎవరైనా ఉంటే, గుండ్రటి తల, నిలువు ఒళ్ళు ఉన్న చిన్న కర్రముక్కలు ఇరవై చేయించుకో. లేకపోతే అట్టముక్కల మీద గీసి కత్తిరించు. తుపాకీకి అగరబత్తి పుల్ల. మొదటి ఇరవై మందీ వికారంగా వస్తారు. పారేయకు, వెనక వరసలో నిలబెట్టు.

*మీరు విజయనగరం వారు. మా ఊళ్ళో ఆడవాళ్ళు, పిల్లలు కోటలో కాలిపోయిన రోజు అది. దాని మీద పాచికలు వేసి ఆడటానికి మీకు మనసెలా వచ్చింది?* (ఒక పాఠకుడు, బొబ్బిలి)

ఈ ఉత్తరాన్ని నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. మీరు అడిగిన తీరులో తప్పు లేదు.

జంగం కథ విన్న ప్రతివాడికీ ఆ రోజు ఎలా ముగిసిందో తెలుసు. తెల్లవారగానే ఫిరంగులు మొదలయ్యాయి, మధ్యాహ్నం దాటేసరికి కోట లేదు. బుస్సీ ఫిరంగుల ముందు మట్టిగోడ నిలిచే అవకాశం లేదు కనుక, నా ఆటలో కోటను పట్టడం గెలుపు కాదు. ఒక్కో వంతు అరగంట. కోటలో ఉన్నవాడు పద్నాలుగో వంతు దాటి నిలిస్తే గెలిచినట్టు. గోడ కూలి శత్రువు లోపల అడుగుపెట్టగానే ఆట ఆపేస్తాం. ఆ తరువాత జరిగినదానికి నా దగ్గర నియమాలు లేవు, రాయను కూడా. కోట లోపల ఇళ్ళు చేయలేదు. చేయడం వచ్చు, చేయలేదు. గోడల మధ్య ఉత్త పలక, దాని మీద పుట్టమన్ను.

గుడారం ఒకటి చేశాను. మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు చొరబడి మా విజయరామరాజును పొడిచిన గుడారం. చిన్న ఎర్ర అంచుతో బాగానే వచ్చింది. దాన్ని ఎప్పుడూ బల్ల మీదకు తేలేదు, అలమరలో ఉంటుంది.

ఇంకొక సంగతి. మా వీధి పిల్లలందరూ విజయనగరం వాళ్ళే. ఆటకు కూర్చుంటే ఒక్కడూ విజయనగరం పక్షం తీసుకోడు, అందరికీ బొబ్బిలే కావాలి. అందుకని ఆ పక్షం ఎప్పుడూ నాకే వస్తుంది. మీరు ఎప్పుడైనా ఇటు వస్తే మీకూ బొబ్బిలే ఇస్తాను. పోయిన ఆదివారం పక్కింటి ఏడో తరగతి కుర్రవాడు పదమూడో వంతు దాకా నిలిచాడు.