అమెరికాలో కాల్పుల భయం, ఊరి నుంచి వెళ్ళే మాత్రలు

ప్రశ్న: నా వయసు 36. టెక్సాస్‌లో, డల్లాస్ దగ్గర ఉంటున్నాం. పాపకు ఎనిమిదేళ్ళు. 2023 మే నెలలో ఆలెన్ మాల్‌లో కాల్పులు జరిగాయి. అంతకు ముందు శనివారం మేమూ అక్కడే తిరిగాం. అప్పటి నుంచి లోపల ఒక భయం పట్టుకుంది. ఈ మధ్య పాప స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ పెట్టారు, కాల్పులు జరిగితే ఎలా దాక్కోవాలో చేయించి చూపే అభ్యాసం. "లైట్లు ఆపి గోడ పక్కన కూర్చోబెట్టారమ్మా, చప్పుడు చేయకూడదట" అని పాప చెప్పిన రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. స్కూలు నంబరు నుంచి ఫోను వస్తే గుండె దడ, చేతులు చల్లబడతాయి. మా అమ్మ గుంటూరు నుంచి నిద్రకు, ఆందోళనకు వాడే ఆల్ప్రాజోలం 0.5 మాత్రలు పంపిస్తోంది. రాత్రి ఒకటి వేసుకుంటున్నాను, ఈ మధ్య పొద్దున కూడా సగం. పాపకు సోమవారం వస్తే కడుపునొప్పి. రెండుసార్లు పావు బిళ్ళ ఇచ్చాను, తగ్గింది. మా వారు తుపాకీ కొందామంటున్నారు. నేను ఇండియా వచ్చేద్దామంటున్నాను. ఏది మంచిది? మాల్స్‌కు, గుడికి వెళ్ళడం మానేయాలా?
— ఒక తల్లి, టెక్సాస్

సమాధానం: అమ్మా, మీరు అడిగినవాటి దగ్గరికి వస్తాను. కానీ ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతి దగ్గర నేను ఆగిపోయాను. ఎనిమిదేళ్ళ పిల్లకు ఆల్ప్రాజోలం పావు బిళ్ళ, అదీ రెండుసార్లు. ఇక మీదట ఒక్కసారి కూడా వద్దు. పావులో సగమైనా వద్దు.

18 ఏళ్ళ లోపు వారికి ఆ మందు క్షేమమని నిర్ధారణ కాలేదు. చిన్న ఒంట్లో మత్తు ఎక్కువసేపు ఉండిపోవచ్చు, ఊపిరి మందగించవచ్చు. కొందరు పిల్లల్లో అది ఎదురు తిరిగి చిరాకు, ఏడుపు, పిచ్చి పరుగులు కూడా రావచ్చు. జలుబు సిరప్‌లలో కొన్నింటిలో మత్తు తెచ్చే మందు ఉంటుంది. ఆ సిరప్, ఈ పావు బిళ్ళ ఒకే పొద్దున కడుపులో పడితే, తరగతి గదిలో తల వాల్చేసిన పిల్లను చూసి టీచరు ఏమనుకోవాలి? రాత్రి నిద్ర చాలలేదనుకుంటారు. మీరు ప్రేమతోనే ఇచ్చారు. అయినా తప్పు తప్పే. పాప డాక్టరుకు ఈ సంగతి దాచకుండా చెప్పండి. ఎప్పుడైనా పాప పొరపాటున మింగితే అక్కడి పాయిజన్ సెంటర్ నంబరు 1-800-222-1222. పిల్ల మగతగా ఉన్నా, ఊపిరి సరిగా ఆడకపోయినా నేరుగా అత్యవసర నంబరు 911కి చేయండి.

ఇక మీ సంగతి. రాత్రి ఒక బిళ్ళతో మొదలైంది, ఇప్పుడు పొద్దున సగం కూడా చేరింది. ఆ సగం ఎందుకు అవసరమైందో ఆలోచించారా? ఆల్ప్రాజోలం త్వరగా పనిచేసి, త్వరగానే దిగిపోయే మందు. రోజూ వేసుకునేవారిలో కొన్ని వారాలకే మెదడు దానికి అలవాటు పడవచ్చు. అలాంటప్పుడు రాత్రి వేసుకున్నది తెల్లవారేసరికి దిగిపోతుంటే దడ, వణుకు, ఏదో ముంచుకొస్తున్నదన్న భావం కలుగుతాయి. మీ పొద్దుటి భయంలో కొంత భాగం స్కూలు గురించి కాకపోవచ్చు, మాత్ర దిగిపోతున్నందువల్ల కావచ్చు. మీరేమో భయం పెరిగిందనుకుని ఇంకో సగం వేసుకుంటున్నారు. మిమ్మల్ని చూడకుండా ఇది ఖాయంగా చెప్పలేను. కానీ ఇరవై ఏళ్ళుగా ఇదే వరుసలో వచ్చి కూర్చున్నవారిని చూస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇది చదివి ఈ రాత్రే మానేస్తారేమో, దయచేసి ఆ పని చేయకండి. రోజూ వాడుతున్న ఈ మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. అలవాటు పడటం, ఆపినప్పుడు వచ్చే ఇబ్బందుల గురించి ఈ జాతి మందులన్నింటి మీదా పెట్టెలో ముద్రించే తీవ్ర హెచ్చరికను మరింత కఠినం చేయాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఆదేశించింది. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. దానికి వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు.

ఈ మందు గురించి ఇంకాస్త చెప్పనివ్వండి. పోయిన నెల ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. చేతిలో సంచి, సంచిలో అరిసెల డబ్బా, గోంగూర పచ్చడి సీసా, వాటి మధ్య మడిచిన పాత మందుల చీటీ. ఎనిమిదేళ్ళ కిందట ఆయన భార్యకు ఎవరో రాసినది. "అమ్మాయికి అమెరికాలో నిద్ర పట్టడం లేదండీ, ఇదే ఆరు నెలలకు రాసివ్వండి, సాయంత్రం పార్సిల్ వెళ్ళిపోతుంది" అన్నారు. రాయనన్నాను. చాలా నొచ్చుకున్నారు. బయట ఇరవై మంది ఎదురుచూస్తున్నా ఆయనను కూర్చోబెట్టి పావుగంట మాట్లాడాను, ఎందుకంటే ఆయన ఏ తప్పూ చేస్తున్నాననుకోవడం లేదు. కూతురికి పచ్చడి పంపినట్టే నిద్ర కూడా పంపుతున్నాననుకుంటున్నారు.

మన దగ్గర ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది పుస్తకంలో రాయాలి. అయినా తెలిసిన దుకాణంలో అడిగితే ఇచ్చేస్తారు. అమెరికాలో అది నియంత్రణలో ఉన్న మందు, ఇలా పార్సిల్‌లో తెప్పించుకోవడం చట్టవిరుద్ధం. నన్ను కలవరపెట్టేది చట్టం ఒక్కటే కాదు. మీరు ఈ మందు వాడుతున్నట్టు అక్కడ ఏ డాక్టరుకూ తెలియదు. రేపు పన్ను పీకించుకున్నారనుకోండి, నొప్పికి ఓపియాయిడ్ (నల్లమందు జాతి) మాత్ర రాయవచ్చు. ఆ రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. పార్టీలో ఒక గ్లాసు వైన్‌తోనూ అదే ప్రమాదం. పొద్దున సగం బిళ్ళ వేసుకుని పాపను కారులో స్కూలుకు దింపేది మీరేనా? బహుశా మీరే అయి ఉంటారు. మత్తు దిగని కళ్ళతో హైవే మీద పాపను వెనక సీట్లో పెట్టుకుని వెళ్ళడం, మీరు భయపడుతున్న ప్రమాదం కంటే ప్రతిరోజూ దగ్గరగా ఉన్న ప్రమాదం.

మీ భయం ఊరికే పుట్టినది కాదు. ఆలెన్‌లో ఆ రోజు ఎనిమిది మంది చనిపోయారు. వారిలో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక యువ ఇంజనీరు కూడా ఉంది. దానికి ఏడాది ముందు, 2022 మే 24న అదే రాష్ట్రంలో ఉవాల్డే ప్రాథమిక పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఆ పిల్లలు దాదాపు మీ పాప ఈడువారు. ఇవి తెలిసిన తల్లికి గుండె జారకపోతేనే ఆశ్చర్యం. "ఊరికే ఊహించుకుంటున్నావు" అని మీతో ఎవరైనా అంటే, అది సరికాదు.

అయితే భయం ఎంత ఉండాలో కొలుచుకోవడానికి ఒక లెక్క చెబుతాను. అమెరికాలో హత్యకు గురయ్యే పిల్లల్లో స్కూలు ఆవరణలో చనిపోయేవారు నూటికి ముగ్గురి కంటే తక్కువ. మీ పాప రోజులో ఎక్కువ క్షేమంగా ఉండే చోట్లలో తరగతి గది ఒకటి. ఈ మాటతో దడ వెంటనే తగ్గదని నాకు తెలుసు. దడకు వైద్యం వేరే ఉంది. ముందు అక్కడి ఫ్యామిలీ డాక్టరును కలిసి థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. 36 ఏళ్ళ స్త్రీకి దడ, చేతుల వణుకు, నిద్రలేమి ఉంటే థైరాయిడ్ చూడకుండా "అంతా మనసే" అనడం తొందరపాటు. కాఫీ రోజుకు ఎన్నిసార్లో మీరు రాయలేదు, అది కూడా లెక్కపెట్టండి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే మొదటి మాటగా డాక్టరుకు అదే చెప్పండి.

ఒంట్లో ఏమీ లేదని తేలితే ఆందోళనకు మంచి చికిత్స ఉంది. సీబీటీ అనే మాటల చికిత్స, అవసరమైతే సెర్ట్రాలిన్ వంటి మందు. అది ఆల్ప్రాజోలంలా అరగంటలో పనిచేయదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ ఓపిక లేకనే చాలామంది మధ్యలో ఆపేసి మళ్ళీ పాత బిళ్ళ దగ్గరికి వస్తారు. ఏ మందు, ఎంత అన్నది మిమ్మల్ని చూసినవారే నిర్ణయించాలి, నా రాతను బట్టి కొనుక్కోవద్దు.

ఫోనులో కాల్పుల వీడియోలు చూడటం ఆపండి. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ళ తరవాత అమెరికా పరిశోధకులు ఒక సంగతి గమనించారు. ఆ వారం రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూసినవారిలో ఒత్తిడి లక్షణాలు పేలుళ్ళ చోట స్వయంగా ఉన్నవారి కంటే ఎక్కువగా కనిపించాయి. మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే దృశ్యాలు మీకు రక్షణ ఇవ్వవు. రోజుకు ఒకసారి వార్త చదవండి, చాలు.

మాల్‌కు, గుడికి వెళ్ళడం మానకండి. మానిన ప్రతి చోటూ మనసులో ఇంకా పెద్ద భయంగా మారుతుంది. జనం తక్కువగా ఉండే వేళ పావుగంట, తరవాత అరగంట, అలా మొదలుపెట్టండి. లోపలికి వెళ్ళగానే బయటి దారులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి. పది నిమిషాలకోసారి చూడాలనిపిస్తే అదీ డాక్టరుకు చెప్పండి.

పాప కడుపునొప్పి పావు బిళ్ళతో తగ్గిందంటే అది భయం నుంచి వచ్చినదే కావచ్చు. సోమవారాలకే వస్తున్నదన్నది కూడా అటే చూపిస్తోంది. అయినా మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటివి లేవని పిల్లల డాక్టరు చూసి చెప్పాలి. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, వాంతులు, జ్వరం, బరువు తగ్గడం, మలంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం వద్దు. ఏమీ లేకపోతే సోమవారం ఇంట్లో ఉంచేయకండి. ఒక సోమవారం ఆపితే తరవాతి సోమవారం పంపడం రెట్టింపు కష్టం.

లాక్‌డౌన్ డ్రిల్ గురించి స్కూలుతో మాట్లాడే హక్కు మీకుంది. తలుపు తాళం, లైట్లు ఆపడం, కంటపడకుండా కూర్చోవడం, ఇంతవరకు నేర్పితే పిల్లలు మామూలుగానే తీసుకుంటారు. నిజం కాల్పుల్లా నటించి, ఉత్తుత్తి తుపాకీ చప్పుళ్ళతో చేసే డ్రిల్స్ పిల్లలతో చేయించవద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2020లోనే చెప్పింది. డ్రిల్ తేదీ ముందే చెప్పమని అడగండి. స్కూలు కౌన్సెలర్‌ను కలవండి. పాపతో మాత్రం మీరు ముందు చెప్పకండి, ముందు అడగండి: "ఆ రోజు ఏం చేశారు? నీకు ఏమనిపించింది?" జవాబు విన్నాక రెండు వాక్యాలు చాలు. స్కూలు దగ్గర దింపేటప్పుడు మీ చెయ్యి పాప చేతిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఒకసారి గమనించండి. పాపకు డ్రిల్ కంటే ఆ చెయ్యే ఎక్కువ చెబుతుంది.

ఇక తుపాకీ. మీ వారికి ఈ పేరా చూపించండి. నిద్రలేని మనిషి, మత్తుమాత్రలు, ఎనిమిదేళ్ళ పిల్ల ఉన్న ఇంట్లోకి ఇప్పుడు తుపాకీ వద్దని డాక్టరుగా గట్టిగా చెబుతున్నాను. అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. తుపాకీతో ఆ ప్రయత్నం చేసినవారిలో పదిమందిలో తొమ్మిదిమంది బతకరు. స్కూలు దాడులను అమెరికా సీక్రెట్ సర్వీస్ పరిశీలించి 2019లో నివేదిక ఇచ్చింది. తుపాకీ వాడిన పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మందికి అది తల్లిదండ్రుల ఇంటి నుంచో దగ్గరి బంధువు ఇంటి నుంచో దొరికింది. ఇప్పటికే కొని ఉంటే తూటాలు తీసి, తుపాకీకి తాళం, తూటాలకు వేరే చోట వేరే తాళం. పిల్లల చేతికి అందేలా వదిలేయడం టెక్సాస్‌లో నేరం కూడా. పాపను స్నేహితుల ఇంటికి ఆడుకోవడానికి పంపేముందు "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉంటుందా?" అని అడగండి. వేరుసెనగ అలర్జీ గురించి అడిగినట్టే అడగవచ్చు. అక్కడ ఇది మర్యాద తప్పిన ప్రశ్న కాదు.

చట్టాల గురించి నన్ను అడగలేదు. కానీ 2020 నుంచి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ళవారి మరణాలకు మొదటి కారణం తుపాకీ అయినప్పుడు డాక్టరు నోరు మూసుకోకూడదు. అంతకుముందు ఆ స్థానం రోడ్డు ప్రమాదాలది. సీటుబెల్టు, పిల్లల సీటు చట్టాలు తెచ్చి దానిని తగ్గించుకున్న దేశం అది. సైనిక తరహా రైఫిళ్ళ మీద 1994లో పెట్టిన నిషేధం 2004లో గడువు తీరి పోయింది, మళ్ళీ రాలేదు. ఉవాల్డే తరవాత 2022 జూన్‌లో వచ్చిన చట్టంతో 21 ఏళ్ళ లోపు కొనుగోలుదారుల తనిఖీ పెరిగింది. అది చాలదని నా అభిప్రాయం. మీకు ఓటు లేకపోయినా స్కూలు బోర్డు సమావేశంలో తల్లిగా మాట్లాడవచ్చు. మాట్లాడిన తల్లుల మాట వినక తప్పని రోజులు అక్కడ వచ్చాయి.

ఇండియాకు రావాలా వద్దా అన్నది మీ ఇద్దరి నిర్ణయం. ఈ నెలలో మాత్రం తీసుకోకండి. చికిత్స మొదలై మూడు నెలలు సరిగ్గా నిద్రపోయాక కూర్చుని మాట్లాడుకోండి. ఈలోగా బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారి వచ్చినా అక్కడి సహాయ నంబరు 988కి ఫోను చేయండి, పగలైనా రాత్రైనా. ఇక్కడ మీ అమ్మగారికి కూడా దిగులుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి, చేతిలో ఉన్న మాత్రలు అయిపోయేలోపు. వాడుతున్న స్ట్రిప్ పర్సులో పెట్టుకుని వెళ్ళి, ఎన్నాళ్ళుగా, రోజుకు ఎన్ని అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. పార్సిల్‌లో తెప్పించుకున్నానని చెప్పడానికి సిగ్గుపడకండి. మిగిలినవి అంతవరకు పాపకు అందని చోట తాళం వేసి ఉంచండి. అమ్మకు ఈ రోజే ఫోను చేసి, వచ్చే పార్సిల్‌లో పచ్చడి మాత్రమే పెట్టమని చెప్పండి.