చంటిపిల్లాడితో డాలస్ నుంచి హైదరాబాద్ దాకా: పెద్దమ్మ ఉత్తరం

అమ్మడూ,

అన్నప్రాసనకి నువ్వొక్కదానివే పిల్లాణ్ణి ఎత్తుకుని వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అల్లుడికి సెలవు దొరకలేదట. మగపిల్లాడికి ఆరో నెల దాటిపోతే మళ్ళీ ఎనిమిదో నెల దాకా ఆగాలి కాబట్టి నువ్వు బయల్దేరడమే మంచిది. కొనాలనుకున్న వస్తువుల జాబితా పంపావు కదా, అదీ చూశాను. మనవల్ని వెంటేసుకుని ఆ దారిలో తిరిగి తిరిగి ఉన్నదాన్ని కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నాను, అందులో సగం కొట్టెయ్. ఒంటరిగా వచ్చే తల్లికి చాలనివి చేతులు. ఏ వస్తువైనా సరే, అది నీకో చెయ్యి మిగులుస్తుందా, ఉన్న చెయ్యి కూడా లాగేసుకుంటుందా అని చూసుకుని పెట్టుకో.

సామాను కంటే ముందు కాగితాల సంగతి. వాడు అక్కడే పుట్టాడు కాబట్టి అమెరికన్ పాస్‌పోర్ట్ కావాలి. డీఎస్-11 ఫారం నింపి, మీ ఇద్దరూ వాణ్ణి తీసుకుని స్వయంగా వెళ్ళాలి. పదహారేళ్ళలోపు వాళ్ళకి ఆ పాస్‌పోర్ట్ 5 ఏళ్ళే చెల్లుతుంది. ఫొటో దగ్గరే అందరికీ ఓపిక పోతుంది. తెల్ల దుప్పటి ముడతల్లేకుండా పరిచి, వాణ్ణి దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి పైనుంచి తియ్యండి. నీ చెయ్యీ, మీ నీడా పడకూడదు. ఆ ఒక్క పూటకీ దిష్టిచుక్క వద్దులే, మీ అత్తగారికి నేను చెప్తాను. పాస్‌పోర్ట్ చేతికి రాగానే ఓసీఐకి, అంటే వీసా లేకుండా ఇండియా రావడానికి మనవాళ్ళకిచ్చే కార్డుకి, పెట్టెయ్యండి, దానికి వారాలు పడుతుంది. ఈలోగా రాదనిపిస్తే ఈ-వీసా తీసుకో. చంటివాడైనా సరే వాడి పేరున విడిగా వీసా ఉండాల్సిందే. తండ్రి వెంట లేడు కాబట్టి, పిల్లాణ్ణి తీసుకెళ్ళడానికి తనకి అభ్యంతరం లేదని అల్లుడి చేత ఒక కాగితం రాయించి నోటరీ చేయించు. బర్త్ సర్టిఫికెట్ కాపీ దానికి జతచెయ్యి. చాలాసార్లు ఎవరూ అడగరు. అడిగితే మాత్రం, పిల్లాడు చంకలో ఏడుస్తుంటే కౌంటర్ దగ్గర నిలబడి అల్లుడికి ఫోన్ కలపడం నీ వల్ల కాదు.

రెండేళ్ళలోపు పిల్లలు ఒళ్ళో కూర్చుని రావచ్చు కానీ టికెట్ మాత్రం ఉండాలి. విదేశీ ప్రయాణాల్లో మామూలుగా పెద్దవాళ్ళ చార్జీలో 10 శాతం దాకా, ఆ పైన పన్నులు పడతాయి. డబ్బుకి వెనకాడకపోతే వాడికీ ఒక సీటు కొని పిల్లల కారు సీటు అందులో బిగించడమే అన్నిటికన్నా భద్రం. అమెరికాలో విమానాల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ కూడా అదే చెప్తుంది. అలా చేస్తే కారు సీటు మీద, విమానాల్లో కూడా వాడొచ్చని ఎర్ర అక్షరాలతో రాసి ఉందో లేదో ముందు చూడు. కానీ డాలస్ నుంచి దుబాయ్ దాకానే ఇంచుమించు 15 గంటలు పట్టే ఈ దారికి ఇంకో టికెట్ కొనేవాళ్ళు తక్కువ. నువ్వూ ఒళ్ళోనే తెస్తావనుకుని మిగతాది రాస్తున్నాను.

టికెట్ కొన్న రోజే ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి బాసినెట్ అడుగు. ముందు వరసలో గోడకి తగిలించే చిన్న ఉయ్యాల అది. విమానానికి కొన్నే ఉంటాయి, అడిగేవాళ్ళు చాలామంది. చాలా ఎయిర్‌లైన్స్‌లో 10, 11 కిలోల దాకా ఒప్పుకుంటారు, పొడవుకి కూడా కొలత ఉంటుంది, వాడి బరువు చెప్పి కనుక్కో. డాలస్ నుంచి దుబాయ్‌కీ, దుబాయ్ నుంచి హైదరాబాద్‌కీ రెంటికీ విడివిడిగా రాసుకున్నారా అని అడుగు. ఒకదానికి రాసి రెండోది మర్చిపోవడం మామూలే. ఇంకా రెండు సంగతులు తెలిసి కూర్చో. విమానం పైకి లేచాక గానీ దాన్ని తగిలించరు, కుదుపులొచ్చి బెల్టు దీపం వెలిగిన ప్రతిసారీ వాణ్ణి తీసి ఒళ్ళో పెట్టుకోమంటారు. ఎంత గాఢనిద్రలో ఉన్నా సరే. పైగా ఆ వరసలో ముందు సీటు ఉండదు కాబట్టి లేచేటప్పుడూ దిగేటప్పుడూ సంచి కాళ్ళ దగ్గర పెట్టనివ్వరు, పైకి ఎక్కించాల్సిందే. అందుకని ఒక పాల సీసా, గుడ్డ, డైపరు పట్టే చిన్న పౌచ్ ఒకటి సీటు పక్కన దోపుకో. గల్ఫ్ ఎయిర్‌లైన్స్‌లో నీ బెల్టుకి తగిలించే చిన్న బెల్టు వాడికోసం ఇస్తారు, ఇవ్వకపోతే అడుగు. ఒకే బెల్టులో ఇద్దరూ బిగించుకోవడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు. గట్టిగా కుదిపితే నీ బరువంతా వాడి మీదే పడుతుంది.

ఇక సంచి. భుజాలకి తగిలించుకునేదే తీసుకో, చేత్తో పట్టుకునే ఆ అందమైన డైపర్ బ్యాగు ఇంట్లో వదిలెయ్. ప్రయాణంలో గంటన్నరకో డైపరు చొప్పున లెక్క వేసుకో. దుబాయ్‌లో ఆలస్యమైతే పనికొచ్చేలా ఇంకో అరడజను పెట్టుకో. విమానం బాత్‌రూమ్‌లో కమోడ్ పైన గోడకి ఒక పలక ఉంటుంది, దించుకుని పిల్లాణ్ణి పడుకోబెట్టాలి. మోచెయ్యి కదపడానికి కూడా చోటుండదు. అక్కడికి సంచి మోసుకెళ్ళకు. ఒక్కొక్క డైపరు, నాలుగు తడి వైప్స్, మురికిది వెయ్యడానికో చిన్న కవరు కలిపి జిప్‌లాక్ కవర్లలో ముందే పొట్లాలు కట్టుకో. ఒక పొట్లం, మడత చాప, పిల్లాడు, అంతే వెళ్ళాలి. పాతది విప్పకముందే కొత్త డైపరు కిందకి జరిపి పెట్టు, ఆ తర్వాత టేపులు లాగు. మగపిల్లాడు కదా, విప్పగానే ఒక గుడ్డ అడ్డం వెయ్యి, ఎందుకో నీకు తెలుసు.

బట్టలు ముందువైపు జిప్పు ఉన్నవే తొడుగు. బాడీసూట్ల భుజాల దగ్గర మడతలు ఉంటాయి చూశావా, అవి ఊరికే పెట్టినవి కావు. డైపరు పొంగి వీపు దాకా అంటుకున్నప్పుడు చొక్కా తల మీదుగా లాగితే జుట్టుకంతా అంటుతుంది. ఆ మడతలు విప్పి భుజాల మీదుగా కిందకి లాగి కాళ్ళలోంచి తీసెయ్యి. వాడికి మూడు జతలు పెడితే నీకూ ఒక టాప్ పెట్టుకో. ఇది చాలామంది మర్చిపోతారు, ఆ తర్వాత పన్నెండు గంటలు పాలు కక్కిన చొక్కాతోనే కూర్చుంటారు.

నీ జాబితాలో నర్సింగ్ కవరు, బర్ప్ క్లాత్‌లు, స్వాడిల్ (పిల్లాణ్ణి చుట్టే గుడ్డ), బాసినెట్ షీటు అని నాలుగు రాశావు. నాలుగింటికీ కలిపి మీ అమ్మ పాత నేతచీర ఒకటి నీ దగ్గరుందిగా, దాన్ని మూడు ముక్కలు చేసుకో. పాలిచ్చేటప్పుడు చాటుకి, ఒళ్ళో పరుచుకోడానికి, కక్కితే తుడవడానికి అంతకన్నా మెత్తటిది ఏ షాపులోనూ దొరకదు. ఒకటి గుర్తుంచుకో, వెలుతురు పడుతోందని బాసినెట్ మీద గుడ్డ కప్పెయ్యకు. లోపల గాలాడదు, వాడి మొహమూ నీకు కనపడదు. అలాగే వాణ్ణి గుండెల మీద వేసుకుని సీట్లో నువ్వు కునుకు తియ్యకు. నిద్ర ముంచుకొస్తే వాణ్ణి బాసినెట్‌లో వెల్లకిలా పడుకోబెట్టాకే కళ్ళు మూసుకో.

ఎయిర్‌పోర్ట్‌లో చేతులు మిగిల్చేది గుండెకి కట్టుకునే బేబీ క్యారియరే. ఇప్పటినుంచే ఇంట్లో వాణ్ణి అందులో వేసుకుని తిరుగుతూ అలవాటు చెయ్యి. స్ట్రోలరు తెస్తే చిన్నగా మడిచి పైఅరలో పెట్టుకునేలాంటిది తప్ప పెద్దది వద్దు. పెద్దదాన్ని గేటు దగ్గర తీసుకుంటారు, దుబాయ్‌లో దిగగానే ఇస్తారో, హైదరాబాద్ బెల్టు మీదే కనిపిస్తుందో గేటు దగ్గరున్న అమ్మాయిని అడిగి రసీదు తీసుకో. దుబాయ్ ఎయిర్‌పోర్ట్‌లో స్ట్రోలర్లు ఊరికే ఇస్తారు కూడా. పైగా ఇక్కడ మన వీధుల్లో దాన్ని ఎక్కడ తోస్తావు చెప్పు? విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రం పిల్లాణ్ణి క్యారియర్‌లోంచి తియ్యమంటారు, వాదించకు.

సెక్యూరిటీ దగ్గర ద్రవాలకున్న 100 మిల్లీలీటర్ల నిబంధన పిల్లల పాలకి వర్తించదు. డాలస్‌లో తనిఖీ చేసే టీఎస్ఏ వాళ్ళు తల్లిపాలు, ఫార్ములా, వాటిని చల్లగా ఉంచే ఐస్ ప్యాకులు అంతకంటే ఎక్కువున్నా వదుల్తారు. నువ్వే ముందుగా బయటకు తీసి చెప్పు. మొలతాడుకి వెండి బిళ్ళ, కాళ్ళకి మువ్వలు ఉంటే ఆ రోజుకి తీసి పర్సులో వేసుకో, లేకపోతే మెటల్ డిటెక్టర్ గేటు దాటిన ప్రతిసారీ అది కూస్తుంది, వాడు ఉలిక్కిపడతాడు. దుబాయ్‌లో మళ్ళీ ఒకసారి చెకింగ్ ఉంటుందని గుర్తుపెట్టుకుని సంచి సర్దుకో.

ఫార్ములా పొడి ఒక్కో సీసాకి కొలిచి విడి డబ్బాల్లో వేసుకో, సీసాలు ఇంట్లోనే మరగపెట్టి ఆరబెట్టి తెచ్చుకో. విమానం కుళాయి నీళ్ళతో కడగడాలూ కలపడాలూ పెట్టుకోకు. వేడినీళ్ళు సిబ్బందిని అడిగితే ఇస్తారు, పాలు కలిపాక చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టు. వాడు తాగడం మొదలెట్టి గంట దాటితే మిగిలినవి పారబొయ్యి, కరువొచ్చినట్టు దాచకు. వాడు ఒళ్ళో ఉండగా కాఫీ తీసుకోవద్దు. ఆ వయసు పిల్లాడి చెయ్యి కప్పు మీదకి ఎప్పుడు వెళ్తుందో తల్లికి కూడా తెలీదు.

చెవుల నొప్పి విమానం లేచేటప్పుడే అని అందరూ అనుకుంటారు. అసలు నొప్పి దిగేటప్పుడు ఎక్కువ. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పైన 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది, కిందకి వస్తుంటే మళ్ళీ పెరుగుతుంది. పిల్లల చెవికీ గొంతుకీ మధ్య గొట్టం సన్నం, గుటక వేస్తే గానీ తెరుచుకోదు. కాబట్టి దిగడానికి అరగంట ముందు వాడికి ఆకలి మిగిలి ఉండేలా పాల వేళ చూసుకో. చక్రాలు నేలకి తాకే దాకా ఆగుతూ ఆగుతూ పట్టు. పాలు అయిపోతే పాసిఫయర్ ఇవ్వు. జలుబు గట్టిగా ఉన్నా, చెవి పోటున్నా బయల్దేరే ముందు డాక్టర్‌కి చూపించు, ముహూర్తం గురించి ఆలోచించకు.

డాక్టర్‌ని ఇంకో రెండు అడగాలి. ప్రయాణం నాటికి ఆరు నెలలు నిండితే, విదేశీ ప్రయాణం కోసం తట్టు టీకా ఒక డోసు ముందే వేస్తారు, వాడికి వర్తిస్తుందా అని. పారాసిటమాల్ చుక్కలు వాడి బరువుకి ఎన్ని అని కూడా. అది కాగితం మీద రాయించుకో. దారిలో హాయిగా పడుకుంటాడని జలుబు సిరప్ పట్టమని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. పట్టకు. కొందరు పిల్లలకి దానితో నిద్ర రాకపోగా ఊపిరి ఇబ్బంది అవుతుంది. తేనె నాకించమన్నా ఏడాది నిండే దాకా వద్దు. కాటుక కళ్ళకి వద్దు, దిష్టి కోసమైతే అరికాలిలో చుక్క పెట్టు.

చుట్టుపక్కల సీట్లవాళ్ళకి పంచడానికి చాక్లెట్లు, చెవి దూదులు పొట్లాలు కట్టి, మా అబ్బాయి ఏడిస్తే క్షమించండి అని చీటీ రాసి పెట్టాలనుకున్నావట. ఆ సమయంలో పడుకో, తల్లీ. ఏడవడం పిల్లల హక్కు. ఆ విమానంలో సగంమంది, తమ పిల్లల దగ్గర ఆరు నెలలుండి తిరిగొస్తున్న మన తాతయ్యలూ అమ్మమ్మలే ఉంటారు. మనవల మీద బెంగతో ఉంటారేమో, వాణ్ణి చూస్తే చేతులు చాస్తారు. నువ్వు బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చేలోపు పక్కన కూర్చున్న ఒకావిడ ఎత్తుకుంటే తప్పేం లేదు. ఎయిర్ హోస్టెస్‌కి మాత్రం చెప్పి వెళ్ళు. ఒక్క విషయంలో కఠినంగా ఉండు. మీ వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా, హైదరాబాద్ వెళ్తున్నావుగా, ఈ చిన్న పొట్లం మా వాళ్ళకిస్తావా అని అడిగితే లేదని చెప్పెయ్. అందులో ఏముందో నీకు తెలీదు, మొయ్యడానికి నీ చేతులూ ఖాళీగా లేవు.

పిల్లాడితో ఉన్నవాళ్ళకి ఆన్‌లైన్ చెక్-ఇన్ చాలాసార్లు పడదు, మూడున్నర గంటలు ముందే కౌంటర్ దగ్గరుండు. అక్కడిదాకా అల్లుణ్ణి రమ్మను. కారు సీటు మాత్రం లగేజీలో వేసి తీసుకురా, చాలా ఎయిర్‌లైన్స్ దానికి విడిగా డబ్బు తీసుకోరు. శంషాబాద్ నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీద కార్లు నూరు మీదే పోతాయి, ఇక్కడి క్యాబుల్లో పిల్లల సీటు ఉండదు. దాని కింద బేసు అక్కడే వదిలెయ్యి, ఒట్టి బెల్టుతో ఎలా బిగించాలో మీ కారులో ఒకసారి చేసి చూసుకుని రా. ఒళ్ళో పెట్టుకుని తెచ్చేద్దామని మీ బాబాయి అంటాడు, వినకు.

టైము తేడా పదిన్నర, పదకొండున్నర గంటలు కదా, మొదటి వారం వాడు అర్ధరాత్రి లేచి ఆడుకుంటాడు. పగలు వెలుతురులో ఉంచితే మెల్లగా దారికొస్తాడు. ఆ వారం రాత్రిళ్ళు వాడి డ్యూటీ నాది, పాలకి మాత్రం నిన్ను లేపుతాను.

టికెట్ అవగానే పీఎన్ఆర్ నాకు పంపు. బాసినెట్ రెండు విమానాలకీ రాశారో లేదో ఇక్కడి ఆఫీసుకి ఫోన్ చేసి నేనూ ఒకసారి కనుక్కుంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ