తమ్ముడికి, కాలి నిలకడ గురించి

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నువ్వు స్నానాల గదిలో కాలు జారి పడ్డావని విన్నప్పటినుంచి నా మనసు కుదురుగా లేదు. రోజూ గంటసేపు నడుస్తున్నా ఇలా ఎందుకు జరిగిందని అడిగావు. నడక గుండెకూ మధుమేహానికీ మంచిదే కానీ, చదునైన బాటపై నడిచే ఒంటికి తూలే అవసరమే రాదు కనుక, తూలినప్పుడు సర్దుకోవడం దానికి అలవడదు. కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ అందించే కబురును బట్టే మెదడు కండరాలను సర్దుతుంది. వయసుతో ఈ మూడూ మందగిస్తాయి; నీలా ఏళ్లతరబడి మధుమేహం ఉన్నవారికి పాదాల స్పర్శ ఇంకా ముందే తగ్గవచ్చు.

ముందుగా డాక్టరు దగ్గరకు వెళ్లి, లేచి నిలబడగానే తల తిరుగుతోందేమో, బీపీ మాత్రల మోతాదు సరిగా ఉందేమో చూపించుకో.

నేను 68వ ఏట వంటింటి గట్టు దగ్గర ఈ సాధన మొదలుపెట్టాను. గట్టుపై రెండు అరచేతులూ ఆనించి, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా ఒకే వరుసలో నిలబడి, పది అంకెలు లెక్కపెట్టు. కుదిరాక అరచేతుల బదులు వేళ్ల కొసలు, ఆ తరువాత ఒక్క వేలు మాత్రమే ఆనించు. ఆ ఒక్క వేలి దాకా రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. చీలమండ సన్నగా వణుకుతుంది, కాలివేళ్లు నేలను పట్టుకోబోయినట్టు ముడుచుకుంటాయి. ఒళ్లు నేర్చుకునేది అప్పుడే కనుక భయపడి మానేయవద్దు. అది సులువయ్యాక ఒంటికాలిపై నిలబడవచ్చు. కళ్లు మూసుకొని మాత్రం ఒంటరిగా ప్రయత్నించకు.

చేతుల కుర్చీని గోడకు ఆనించి, చేతుల ఊతం లేకుండా లేవడం, నెమ్మదిగా కూర్చోవడం కూడా పదిసార్లు చేయి. ధబాలున కూలబడితే తొడలకు పని తప్పిపోతుంది.

65 దాటినవారు వారానికి కనీసం 3 రోజులు నిలకడను, బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వందకు పైగా పరిశోధనలను కలిపి చూసిన 2019 నాటి సమీక్షలో, వ్యాయామం వల్ల పెద్దవాళ్లు పడిపోవడం సుమారు 23 శాతం తగ్గినట్టు తేలింది. మానేస్తే వచ్చిన నిలకడ తగ్గిపోతుంది కాబట్టి పండుగలకూ ప్రయాణాలకూ ఆపకు.

మొదటి నెల మరదలిని దగ్గర ఉండమను. నీకు వట్టి కాళ్లు వద్దు, జారని అడుగున్న చెప్పులు వేసుకో. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. ఈ వారంలోనే మేస్త్రీని పిలిపించి, స్నానాల గది గోడకు గట్టి పట్టుకమ్మీ పెట్టించు.

నీ అక్క