'200 రెట్లు పెరుగుతుంది', '200 రెట్లకు పెరుగుతుంది' – ఏది సరి?

సందేహం: సార్, మాది హనుమకొండ. పాలిటెక్నిక్ పిల్లలకు ఎల్ఎం386 చిప్‌తో చిన్న ఆంప్లిఫైయర్ బోర్డు చేయడం నేర్పుతుంటాను. వాళ్లకు రాసిచ్చిన కాగితంలో '1, 8 పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే గెయిన్ 200 రెట్లు పెరుగుతుంది' అన్నాను. ఒక అమ్మాయి 'ముందే 20 ఉన్నది గద సార్, అంటే 4,000 అయితదా?' అని అడిగింది. నా వాక్యం తప్పా? గెయిన్‌కు బదులు 'లాభం' అని రాయొచ్చా?

సమాధానం: వాక్యం తప్పే. ఆ అమ్మాయి మీరు రాసింది రాసినట్టు చదివింది, లెక్క కూడా సరిగ్గానే వేసింది. అలా అడిగే పిల్లలుంటే రాసేవాళ్లకు ఎంతో మేలు.

కెపాసిటర్ లేనప్పుడు ఆ చిప్ తనకు అందిన సిగ్నల్‌ను 20 రెట్లు చేస్తుంది, పెట్టాక 200 రెట్లు చేస్తుంది. ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే ఈ అంకే గెయిన్. కాబట్టి గెయిన్ 200 రెట్లకు పెరిగింది. మీరు వదిలేసింది ఒక్క 'కు'. తెలుగులో ఈ విభక్తి లేకపోతే ఆ అంకె ఎంత పెరిగిందో చెబుతుంది, ఉంటే ఎక్కడికి చేరిందో చెబుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి ధర 700 పెరిగిందంటే ఒక మాట, 7,000కు పెరిగిందంటే ఇంకో మాట. అక్కడ ఏ రైతూ పొరబడడు. కాగితం మీదికి వచ్చేసరికే మనం 'కు'ను జారవిడుస్తున్నాం.

తగ్గేటప్పుడు ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదే కెపాసిటర్‌కు సిరీస్‌లో 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కలిపితే గెయిన్ 200 నుంచి 50కి దిగుతుంది. దీన్ని 'నాలుగో వంతుకు తగ్గింది' అనాలి. 'నాలుగో వంతు తగ్గింది' అంటే ఇంకా 150 మిగిలి ఉందని అర్థం. 'నాలుగు రెట్లు తగ్గింది' అని పత్రికల్లో కూడా కనిపిస్తోంది కానీ నేనైతే ఒప్పుకోను. రెట్లు పెరగడానికి, వంతులు తగ్గడానికి.

గెయిన్‌ను రెట్లలో కాకుండా డెసిబెల్స్ అనే మరో కొలతలో చెప్పేటప్పుడు మరీ జాగ్రత్త. 20 రెట్లంటే 26 డెసిబెల్స్, 200 రెట్లంటే 46. కెపాసిటర్ పెట్టడంతో గెయిన్ 20 డెసిబెల్స్ పెరిగింది, ఇక్కడ 'కు' ఉండకూడదు. '20 డెసిబెల్స్‌కు పెంచండి' అని రాస్తే ఉన్న 26ను తగ్గించమన్నట్టవుతుంది.

'గెయిన్ పది రెట్లు పెరుగుతుంది' అంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. వాడుకలో ఉన్నదే, కానీ అందులోనూ ఓ చిక్కుంది. ఒక రెట్టు పెరగడమంటే రెట్టింపు కావడం. ఆ లెక్కన పది రెట్లు పెరిగితే పదకొండింతలు కావాలి. చాలామంది పదింతలనే ఉద్దేశంతోనే అంటారు. కొలతల దగ్గర ఈ అనుమానం ఎందుకు? 'పెరుగు' బదులు 'అవు' వాడండి. 'గెయిన్ పది రెట్లవుతుంది', 'పదింతలవుతుంది' అంటే రెండో అర్థానికి చోటే లేదు. మన ఊళ్లలో 'రెండంతలైంది' అంటారే, అది చక్కటి నుడికారం.

అలాగని 'శబ్దం పదింతలవుతుంది' అని మాత్రం రాయకండి. పదింతలయ్యేది వోల్టేజి. చెవికి మోత అంత పెరిగినట్టు అనిపించదు. పైగా ఫోన్ నుంచి వచ్చే పాటకు 200 గెయిన్ పెడితే స్పీకర్‌లో గొంతు పగిలిపోతుంది.

అంకెల పక్కన 'కి' రాయాలో 'కు' రాయాలో తేలకపోతే అంకెను పైకి చదవండి. ఇరవైకి, యాభైకి, రెండువందలకు. కాబట్టి 20కి, 50కి, 200కు.

ఇక 'లాభం' వద్దు. అది వ్యాపారం మాట. బోర్డు మీద, డేటాషీట్‌లో పిల్లలకు ఎదురయ్యేది గెయిన్. అదే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'సిగ్నల్‌ను ఎన్ని రెట్లు చేస్తుందో తెలిపే అంకె' అని ఒక్క వాక్యం చేర్చండి. మీ కాగితంలోని వాక్యాన్ని ఇలా దిద్దుకోవచ్చు: '1, 8 పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను, ప్లస్ కాలు 1వ పిన్ను వైపు ఉండేలా పెడితే, గెయిన్ 20 నుంచి 200కు పెరుగుతుంది.'