కెన్యా రాజకీయం అంతా తెగల లెక్కేనా? నైరోబీ వచ్చేముందు తెలుసుకోవాల్సినవి

అడిగిన ప్రశ్న ఇది: కంపెనీ పని మీద రెండు మూడేళ్లు నైరోబీలో ఉండాలి, అక్కడ రాజకీయమంతా తెగల గొడవేనంటున్నారు, 2007 ఎన్నికల తర్వాత జరిగినట్టు హింస మళ్లీ జరుగుతుందా, ఎవరు ఎవరి వైపు, 2027 ఎన్నికలప్పుడు ఏం జాగ్రత్త పడాలి?

ఓట్లు చాలావరకు తెగల వారీగానే పడతాయి. అంతవరకు మీరు విన్నది నిజమే. అయితే ఈ తెగకూ ఆ తెగకూ తరతరాలుగా పడదు కాబట్టి కొట్టుకుంటారని ఎవరైనా చెబితే నమ్మకండి. అలా చూస్తే కెన్యాలో ఒక్క ఎన్నిక కూడా అర్థం కాదు. అసలు తగవు భూమి గురించి, సర్కారు ఖజానా ఎవరి చేతిలో ఉండాలన్న దాని గురించి. అందుకే పొత్తులు ఐదేళ్లకోసారి తిరగబడతాయి.

ముందు అంకెలు. 2019 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభా 4.76 కోట్లు. కికుయులు 81 లక్షలు, లుహ్యాలు 68 లక్షలు, కలెంజిన్లు 64 లక్షలు, లువోలు 51 లక్షలు, కంబాలు 47 లక్షలు. సోమాలీలు, కిసీలు, మిజికెండాలు తలా పాతిక లక్షలకు అటూ ఇటూ. మసాయిలను ఫొటోల్లో అందరూ చూస్తారు గానీ వాళ్లు 12 లక్షలే. అన్నిటికన్నా పెద్ద తెగ కూడా 17 శాతం దగ్గర ఆగిపోతుంది. ఏ రెండు తెగలు కలిసినా సగానికి రావు. ఒంటరిగా ఎవరూ గెలవలేరు, పొత్తు లేనిదే పని జరగదు. కెన్యా రాజకీయానికి ఈ లెక్కే పునాది.

ఈ "తెగ" అన్నది కూడా అనుకున్నంత పాతది కాదు. కలెంజిన్లంటే నాండి, కిప్సిగిస్, తుగెన్, కేయో, మరాక్వెట్, పోకోట్ వంటి వేర్వేరు సమూహాలు. వీళ్లంతా ఒకే పేరు కింద చేరింది బ్రిటిష్ పాలన చివరి దశాబ్దాల్లోనే. లుహ్యాలదీ ఇంచుమించు అదే కథ. వాళ్లలోని బుకుసులు, మరగోలీలు ఒకే మాట మీద ఓటేయరు కాబట్టే 68 లక్షల మంది ఉండి కూడా లుహ్యాల నుంచి ఇప్పటిదాకా ఒక్క అధ్యక్షుడు రాలేదు. 1963 నుంచి ఐదుగురు అధ్యక్షులు. జోమో కెన్యాట్టా, కిబాకి, ఉహురు కెన్యాట్టా కికుయులు. మోయి, రూటో కలెంజిన్లు. అంతే. మిగతా నలభై పైచిలుకు తెగల వాళ్ల కడుపుమంట ఏమిటో దీన్నిబట్టే తెలుస్తుంది.

మనవాళ్లు దీన్ని వెంటనే కులంతో పోలుస్తారు. కూటములు కట్టడం, టికెట్ల పంపకం వరకు ఆ పోలిక పనికొస్తుంది. ఆ తర్వాత తప్పుదారి పట్టిస్తుంది. మన ఊళ్లో పది కులాలు పక్కపక్క వీధుల్లో ఉంటాయి, ఒకే భాష మాట్లాడతాయి. ఇక్కడ ఒక్కో తెగకు ఒక్కో భాష, ఒక్కో సొంత ప్రాంతం. ఒకరు పై, ఒకరు కింద అన్న మెట్లు లేవు. నైరోబీలో వేరే తెగవాళ్లను పెళ్లి చేసుకోవడం మామూలే. తెగకూ ప్రాంతానికీ ముడి ఉండడం వల్లే భూమి తగవు ఇంత ముదిరింది.

ఆ భూమి కథ కొంచెం వివరంగా చెప్పాలి. బ్రిటిష్ వాళ్లు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా 1896–1901 మధ్య రైలు వేశారు. దాని చుట్టుపక్కల చల్లటి ఎత్తు భూములను తెల్లవాళ్లకే కేటాయించారు. 1904, 1911 ఒప్పందాల పేరుతో మసాయిలను మంచి మేత భూముల నుంచి తరలించారు. కికుయుల భూములు చాలా పోయాయి, వాళ్లే తెల్లవాళ్ల తోటల్లో కూలీలయ్యారు. 1952లో ఎమర్జెన్సీ దాకా వెళ్లిన మౌ మౌ తిరుగుబాటు పుట్టింది ఈ కోపంలోంచే. స్వాతంత్ర్యం వచ్చే వేళకు ఆ భూములను ఊరికే పంచలేదు. బ్రిటన్ ఇచ్చిన అప్పుతో తెల్లవాళ్ల దగ్గర ప్రభుత్వం కొంది, కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్లకు వాయిదాల మీద అమ్మింది. చేతిలో డబ్బు, పైన పలుకుబడి ఉన్నవాళ్లకే ఎక్కువ దక్కింది. జోమో కెన్యాట్టా హయాంలో కికుయులు సంఘాలుగా డబ్బు పోగేసి రిఫ్ట్ లోయలో, అంటే నకూరు, ఎల్డోరెట్ వైపు, పొలాలు కొన్నారు. కొన్నవాళ్ల దగ్గర పట్టా ఉంది. కలెంజిన్లు, మసాయిలేమో ఇది మా తాతల మేత భూమి అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే ఇది తెగడం లేదు.

బహుళపార్టీ ఎన్నికలు తిరిగొచ్చాక 1992లో, 1997లో, మళ్లీ 2007లో ఎన్నికల చుట్టూ అక్కడ ఇళ్లు తగలబడడానికి ఇంకో లెక్క కూడా ఉంది. ఓటరును అతను నమోదైన ఊరి నుంచి తరిమేస్తే అక్కడ ఓటేయలేడు. ఆ పని ఆవేశంలో జరిగింది కాదు, చేయించినవాళ్లున్నారు.

2007 డిసెంబరు 27న పోలింగ్ జరిగింది. లెక్కింపు మొదట్లో ప్రతిపక్ష అభ్యర్థి, లువో నాయకుడు రైలా ఒడింగా ముందున్నాడు. 30వ తేదీ సాయంత్రం కిబాకి సుమారు 2.3 లక్షల ఓట్లతో గెలిచాడని ప్రకటించి, గంట తిరక్కుండానే ప్రమాణం చేయించారు. ఆ తర్వాతి రెండు నెలల్లో 1,100 మందికి పైగా చనిపోయారు, సుమారు 6 లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయారు. కోఫీ అన్నన్ మధ్యవర్తిత్వంతో 2008 ఫిబ్రవరి 28న ఒప్పందం కుదిరింది. అప్పుడు ప్రధానంగా ఒకవైపు కికుయులు, మరోవైపు లువోలు, కలెంజిన్లు. ఐదేళ్లు తిరిగేసరికి, ఆ హింస విషయంలోనే అంతర్జాతీయ నేర న్యాయస్థానం కేసులు ఎదుర్కొంటున్న ఉహురు కెన్యాట్టా, రూటో ఒకే టికెట్ మీద పోటీ చేసి 2013లో 50.07 శాతంతో గెలిచారు. ఆ కేసులు తర్వాత నిలబడలేదు. 2018 మార్చిలో ఉహురు వెళ్లి రైలాతో చేతులు కలిపాడు. 2022లో రైలాకు ఓటేయమని ఉహురు అడిగినా కికుయులు వినలేదు, రూటోకే వేశారు, ఆయనే గెలిచాడు. 2024 వచ్చేసరికి రూటోకూ, ఆయన కికుయు ఉపాధ్యక్షుడు గచాగువాకూ చెడింది. గచాగువాను పదవి నుంచి పార్లమెంటు తీసేసింది, రైలా పార్టీ మనుషులు రూటో మంత్రివర్గంలో చేరారు. రైలా 2025 అక్టోబరు 15న వైద్యం కోసం వచ్చి కేరళలోని కూత్తాట్టుకుళంలో చనిపోయాడు. దాంతో ఇప్పుడు లువో ఓట్లు ఎటు అన్నది తెరిచి ఉన్న ప్రశ్న.

2007 మళ్లీ వస్తుందా అంటే, అదే రూపంలో రావడం కష్టమని నా అభిప్రాయం. కారణం 2010 రాజ్యాంగం. 47 కౌంటీలు వచ్చాయి, దేశ ఆదాయంలో కనీసం 15 శాతం వాటికి వెళ్లాలి. నైరోబీలో ఓడినా సొంత కౌంటీలో గవర్నరు పదవి, బడ్జెట్ మిగులుతాయి. అధ్యక్షుడు కావాలంటే సగానికి మించి ఓట్లతో పాటు కనీసం 24 కౌంటీల్లో 25 శాతం చొప్పున రావాలి. ఓడినవాడు రోడ్డెక్కకుండా సుప్రీంకోర్టుకు వెళ్లే దారి ఉంది. 2017 సెప్టెంబరు 1న ఆ కోర్టు అధ్యక్ష ఎన్నికనే కొట్టేసింది.

ఎందుకు కొట్టేసిందో తెలియాలంటే ఫారం 34ఏ గురించి తెలియాలి. పోలింగ్ ముగిశాక ఆ గదిలోనే అధికారి ఒక్కో బ్యాలెట్ ఎత్తి, పేరు చదివి, ఏజెంట్లకు చూపిస్తాడు. మొత్తం 34ఏలో రాసి, ఏజెంట్ల సంతకాలు తీసుకుని, ఒక కాపీ తలుపుకు అంటిస్తారు. నియోజకవర్గంలో వీటిని కలిపి 34బీ, నైరోబీలో అన్నీ కలిపి 34సీ. 2017లో 34ఏలన్నీ చేరకముందే ఫలితం ప్రకటించారు, సర్వర్లు చూపమని కోర్టు అడిగితే ఎన్నికల కమిషన్ చూపలేదు. 2022లో 34ఏలన్నీ పబ్లిక్ పోర్టల్‌లో పెట్టారు, ఎవరైనా కూడి చూసుకోవచ్చు. 2027లో వాట్సాప్‌లో వచ్చే "ఆధిక్యం" అంకెలు పక్కన పెట్టి అవే చూడండి.

ఇంకో మార్పు యువత. 2024 జూన్‌లో పన్నుల బిల్లు మీద లేచిన ఉద్యమానికి తెగ లేదు, నాయకుడు లేడు. రూటో సొంత ప్రాంతం ఎల్డోరెట్‌లో కూడా పిల్లలు రోడ్డెక్కారు. జూన్ 25న పార్లమెంటులోకి చొచ్చుకెళ్లారు, మర్నాడే రూటో బిల్లు మీద సంతకం పెట్టనన్నాడు. ఆ నిరసనల్లో 60 మందికి పైగా చనిపోయారు. పిల్లల గుండెల మీదికి తూటాలు కాల్చారంటే ఇప్పటికీ మింగుడుపడదు. అందుకే ఏటా జూన్ 25న, అలాగే 1990 నాటి సబా సబా నిరసనల గుర్తుగా జనం రోడ్డెక్కే జులై 7న సిటీ సెంటర్‌లో పని పెట్టుకోకండి.

రోజువారీ సంగతులకొస్తే, "మీదే తెగ?" అని ఎవరినీ అడగకండి. ఊరెక్కడ అని అడగొచ్చు, వాళ్లే చెబుతారు. పేరు చూసి తేల్చేయడమూ ప్రమాదమే. కమావు, వంజికు కికుయు పేర్లు, కిప్‌తోనో చెప్‌తోనో మొదలైతే కలెంజిన్, ఒటియెనో, అచియెంగ్ లువో. కానీ "ఒ"తో మొదలైన ప్రతివాళ్లూ లువోలు కారు, ఒన్యాంచా అంటే కిసీ. కిసీలను లువోలనుకుంటే ఇద్దరూ నొచ్చుకుంటారు. ఆఫీసులో టీమ్ కడుతుంటే ఒకే తెగవాళ్లు చేరకుండా చూసుకోండి. ప్రభుత్వ సంస్థల్లో ఒకే తెగ మూడోవంతు మించకూడదని 2008 చట్టమే ఉంది. అదే చట్టం కింద ద్వేష ప్రసంగానికి 10 లక్షల షిల్లింగుల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఒక తెగను తిట్టే ఫార్వర్డ్ సరదాకి కూడా పంపకండి.

మన సంగతి. 2017లో కెన్యా ఏషియన్లను 44వ తెగగా గుర్తించారు. అది పౌరులకు. రైలుపనికి పంజాబు నుంచి వచ్చినవాళ్లు, గుజరాతీ దుకాణదారుల వారసులు ఎక్కువగా వాళ్లే. 1950లోనే బహిరంగ సభలో సంపూర్ణ స్వాతంత్ర్యం అడిగి పదకొండేళ్లు నిర్బంధంలో గడిపిన మఖన్ సింగ్, 1965లో హత్యకు గురైన పియో గామా పింటో ఆ సమాజం వాళ్లే. వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనం "మేమూ 44వ తెగే" అనడం బాగోదు. ఇంకొకటి, భారతీయులను దేశం నుంచి వెళ్లగొట్టింది ఉగాండా, 1972లో. కెన్యాలో అలా జరగలేదు. 1967 వలస, వ్యాపార లైసెన్సు చట్టాల వల్ల పౌరసత్వం తీసుకోనివాళ్లు చాలామంది బ్రిటన్ వెళ్లిపోయారు. రెండూ కలిపి మాట్లాడితే ఇక్కడివాళ్లకు కష్టంగా ఉంటుంది.

వచ్చే పోలింగ్ 2027 ఆగస్టు 10, మంగళవారం. ఫలితం ప్రకటించడానికి 7 రోజులు, పిటిషన్ వేయడానికి 7, తీర్పుకు 14. అంటే సెప్టెంబరు మొదటి వారం దాకా, ప్రమాణ స్వీకారం కూడా కలుపుకుంటే నెల మధ్య దాకా. ఫలితం రోజూ తీర్పు రోజూ జాగ్రత్త. ఆ రోజుల్లో నైరోబీ మురికివాడలైన కిబేరా, మథారే, పడమటి నగరం కిసుము వైపు ప్రయాణం పెట్టుకోకండి. ఇంట్లో వారానికి సరిపడా సరుకులు, తాగునీళ్లు, ఎంపెసాలో (ఫోన్‌తో చెల్లించే ఖాతా) కొంత డబ్బు ఉంచుకోండి. నెట్ మందగించవచ్చు, కాబట్టి ఇంటికి చేయాల్సిన ఫోన్లు ముందే చేసేయండి. పిల్లల సెలవులు కుదిరితే ఇండియా టికెట్లు ఆగస్టుకే చూసుకోండి, అయితే వాటిని మార్చిలోనే బుక్ చేయాలి, తర్వాత ధరలు అందవు.